రెండు గొట్టాల రైఫిల్.. ఆరో నిజాం గురి.. ఆ వేట మైదానంలో జింకలు ఇంకా ఎందుకున్నాయంటే!

తాతల నాటి డబుల్ బ్యారెల్ ఒకటి ఇంట్లో ఉందనుకోండి. పక్కనే పొలంలో రాత్రిపూట జింకలు దిగి వేరుశనగ తినేస్తున్నాయి. ఏం చేస్తారు? నల్లమాడ, కదిరి, పెనుకొండ వైపు పెద్దవాళ్లని అడిగితే పాత వేట కథలు చాలానే చెప్తారు. ఇప్పుడైతే ఒక్క తూటా పేలినా జైలే. మరి ఇదే వేటను రాచమర్యాదగా చూసిన రోజుల్లో, తెలుగు నేల మీద అందరికంటే గొప్ప గురికాడు అని పేరు తెచ్చుకున్న మనిషి ఎవరు? ఆయన వేట చివరికి ఎక్కడ తేలింది?

ఆయనే ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. హైదరాబాద్ జనం నోట్లో మహబూబ్ పాషా.

రెండున్నరేళ్లకే గద్దె

మహబూబ్ అలీఖాన్ పుట్టింది 1866 ఆగస్టులో, హైదరాబాద్ పురానీ హవేలీలో. తండ్రి అఫ్జల్ ఉద్ దౌలా 1869 ఫిబ్రవరిలో చనిపోయారు. అప్పటికి బిడ్డకు రెండున్నరేళ్లు. ఆ వయసులోనే గద్దె ఎక్కించారు. పాలన మొత్తం దివాన్ మొదటి సాలార్ జంగ్, షంసుల్ ఉమ్రా చూసుకున్నారు. బాలుడికి ఉర్దూ, ఫార్సీతో పాటు ఇంగ్లిష్ కూడా నేర్పించారు. అందుకోసం కెప్టెన్ జాన్ క్లర్క్ అనే ఇంగ్లిష్ ట్యూటర్ వచ్చాడు. చదువు ఒక పక్క, గుర్రపు స్వారీ, తుపాకీ సాధన ఇంకో పక్క. పుస్తకం కంటే తుపాకీయే ఆ పిల్లాడికి దగ్గరైంది.

1883లో సాలార్ జంగ్ కలరాతో చనిపోయారు. మరుసటేడు, 1884 ఫిబ్రవరిలో, వైస్రాయ్ లార్డ్ రిప్పన్ స్వయంగా హైదరాబాద్ వచ్చి యువ నిజాంకు పూర్తి అధికారాలు అప్పగించాడు. అప్పటికి ఆయనకు 17 ఏళ్లు. చేతిలో పెద్ద రాజ్యం. దాని నిండా అడవి.

నల్లమాడకీ నిజాంకీ ఏంటి సంబంధం?

సంబంధం ఉంది. నల్లమాడ, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం టిప్పు సుల్తాన్ ఓటమి తర్వాత కొద్దికాలం నిజాం చేతిలోనే ఉంది. 1800లో మహబూబ్ పాషా ముత్తాతకు తండ్రి అయిన నిజాం అలీఖాన్ ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. సైన్యం ఖర్చు కింద ఇచ్చిన ఈ జిల్లాలకే దత్త మండలాలని పేరు వచ్చింది. మనం ఇప్పుడు రాయలసీమ అంటున్నది అదే.

దాంతో ఒకే భాష మాట్లాడే జనానికి రెండు చట్టాలు వచ్చాయి. 1878లో బ్రిటిష్ సర్కారు ఆయుధాల చట్టం తెచ్చింది. మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉన్న నల్లమాడ రైతు పంట కాపలాకు నాటు తుపాకీ పెట్టుకోవాలన్నా లైసెన్సు అడుక్కోవాల్సిందే. తెల్లదొరలకు మాత్రం ఆ చట్టంలో మినహాయింపులు. అటు హైదరాబాద్‌లో నిజాం మాటే చట్టం. అడవి ఆయనదే, అందులో జింకా ఆయనదే. పొలం పోగొట్టుకునేవాడికి తుపాకీ లేదు. తుపాకీ ఉన్నవాడికి కాపాడుకోవాల్సిన పొలం లేదు.

డబుల్ రైఫిల్ అంటే ఏంటి?

మహబూబ్ పాషా వేట జీవితం మొత్తం డబుల్ రైఫిల్ కాలంలోనే నడిచింది. చూడ్డానికి మామూలు డబుల్ బ్యారెల్ తుపాకీలాగే ఉంటుంది. కానీ తేడా పెద్దది. మామూలు డబుల్ బ్యారెల్ గొట్టం లోపల నున్నగా ఉంటుంది, రవ్వలు చిమ్ముతుంది. రైఫిల్ గొట్టంలో మెలికలు తిరిగిన గాళ్లు ఉంటాయి. వాటి వల్ల తూటా గిర్రున తిరుగుతూ తిన్నగా పోతుంది.

అసలు కష్టం రెండు గొట్టాల్నీ కలపడంలో ఉంది. రెండూ పక్కపక్కనే ఉంటాయి. కానీ రెండు తూటాలూ దూరాన ఒకే చోట తగలాలి. అందుకని తయారీదారు రైఫిల్‌ను పేల్చి చూస్తాడు. గొట్టాల మధ్య అతుకును వేడి చేసి కొద్దిగా సర్దుతాడు. మళ్లీ పేలుస్తాడు. గురి కుదిరేదాకా ఇదే పని. లండన్, బర్మింగ్‌హామ్ పనివాళ్లు దీనికి ప్రసిద్ధి. ఒక్క రైఫిల్‌కు నెలల పని పట్టేది. అందుకే అది జమీందార్ల, రాజుల, దొరల వస్తువు అయింది.

రెండు ట్రిగ్గర్లు. ముందుది కుడి గొట్టానికి, వెనకది ఎడమ గొట్టానికి. మొదటి దెబ్బ తప్పితే రెండోది వెంటనే సిద్ధం. బోల్టు లాగే చప్పుడు ఉండదు, జంతువు బెదరదు. గాయపడ్డ పులి మీదకి ఉరికినప్పుడు ఆ రెండో గొట్టమే ప్రాణం. జింక వేటలో దాని పని వేరు. గాయంతో పారిపోయే జింక అడవిలో ఎక్కడో పడి రోజుల తరబడి బాధపడి చస్తుంది. దాన్ని అక్కడికక్కడే పడగొట్టడానికి రెండో తూటా.

ఈ తుపాకులకు ఎక్స్‌ప్రెస్ రైఫిల్ అన్న పేరు ఎలా వచ్చిందో తెలుసా? 1856లో లండన్ తయారీదారు పర్డీ, తూటా వేగం చూపించుకోడానికి ఎక్స్‌ప్రెస్ రైలు పేరు పెట్టాడు. పేరు అలాగే నిలిచిపోయింది. మొదట్లో వాడిందంతా పొగ వచ్చే పాత తుపాకీ మందు. ఒక్కసారి పేలితే ముందు మొత్తం తెల్లటి పొగ. తూటా తగిలిందో లేదో వేటగాడికే కనపడేది కాదు. 1890ల చివరికి పొగ రాని కార్డైట్ మందు పెద్ద రైఫిళ్లలోకి వచ్చింది. మన ఎండకు ఆ మందు ఒత్తిడి పెరిగిపోతుందని ఇండియాకు పంపే తూటాల్లో మందు తగ్గించి పెట్టేవాళ్లు.

కెమెరా, కొండంత వేట

నిజాం షికారు అంటే ఒక ఊరు ఊరే కదిలేది. డేరాలు, ఏనుగులు, వంటవాళ్లు, డప్పులు కొడుతూ జంతువుల్ని తోలే జనం. వెంట కెమెరాతో లాలా దీన్ దయాళ్. ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా రాజా బిరుదు పొందిన ఈ మనిషి తీసిన షికారు ఫొటోలు ఇవాళ్టికీ ఉన్నాయి. సన్నటి శరీరం, కోర మీసం, ఇంగ్లిష్ వేట దుస్తులు.. నిజాం చాలా ఫొటోల్లో అలాగే కనిపిస్తారు.

1893 జనవరిలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ ప్రపంచ యాత్రలో భాగంగా హైదరాబాద్ వచ్చి నిజాం అతిథిగా వేటాడాడు. చంపిన పులితో ఆయన్ని దీన్ దయాళ్ ఫొటో కూడా తీశాడు. ఆ యువరాజు జీవితకాలంలో చంపిన జంతువుల లెక్క 2 లక్షల 70 వేలు దాటిందని చెప్తారు. అదే మనిషి 1914 జూన్ 28న సరయేవోలో పిస్టల్ తూటాకు బలయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది అక్కడే. 1902లో వైస్రాయ్ కర్జన్ వచ్చినప్పుడు వరంగల్ దగ్గర నెక్కొండలో పులి వేట పెట్టారు. ఆ ఫొటో కూడా ప్రపంచమంతా తిరిగింది.

నిజాం గురి గురించి కథలకు లెక్కే లేదు. గాల్లోకి ఎగరేసిన రూపాయి బిళ్లను కొట్టేవాడని, 30కి పైగా పులుల్ని పడగొట్టాడని జనం చెప్పుకున్నారు. తీస్ మార్ ఖాన్ అన్న మాటను కూడా ఆయనకే అంటగట్టారు. కానీ ఆ కాలపు దక్కన్ దర్బారుల్లో పులితో పాటు ఇంకో వేట కూడా ఉంది. మచ్చిక చేసిన చీతాను బండి మీద మైదానానికి తీసుకెళ్లి కృష్ణజింకల మీదకి వదిలేవాళ్లు. తుపాకీ కూడా అక్కర్లేదు. చీతా పరుగే ఆయుధం. ఆ చీతాలు 1952 నాటికి మన దేశంలోనే లేకుండా పోయాయి.

వరద వచ్చిన రోజు

మహబూబ్ పాషాను జనం గుర్తు పెట్టుకుంది వేటకోసమే కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ నది హైదరాబాద్‌ను ముంచేసింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. నిజాం మహళ్ల తలుపులు జనానికి తెరిపించారు. తిండి పెట్టించారు. రాత్రిపూట మారువేషంలో ఊళ్లో తిరిగేవాడని, పాము కాటుకు ఆయన పేరు చెప్తే విషం దిగేదని కూడా నమ్మినవాళ్లున్నారు. నమ్మకం నిజమా కాదా అన్నది పక్కన పెడితే, పాలకుడి పేరు మందులా వాడుకున్నారంటే ఆ ప్రేమ ఎంతో అర్థమవుతుంది.

1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఆయన కన్నుమూశారు. వయసు 45 ఏళ్లే. మక్కా మసీదు ఆవరణలో సమాధి ఉంది. కొడుకు మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏడో నిజాం అయ్యారు.

ఎవరికీ పట్టని మైదానం

ఇక అసలు విషయం. హైదరాబాద్ తూర్పున విజయవాడ దారిలో నిజాముల సొంత వేట మైదానం ఒకటి ఉండేది. బయటివాళ్లు అందులో కాలు పెట్టకూడదు. గొర్రె మేయకూడదు, కట్టె కొట్టకూడదు, తుపాకీ పేల్చకూడదు. పేలిస్తే నిజామే పేల్చాలి. జింకల్ని చంపడానికి కట్టిన ఆ కంచె, చుట్టూ ఉన్న ఊళ్ల నుంచి వాటిని కాపాడింది కూడా. ఒక మనిషి ఎన్ని చంపినా ఏడాదికి కొన్ని రోజులే. ఊళ్లు, నాగళ్లు, దొంగ వేటగాళ్లు మాత్రం 365 రోజులూ పని చేస్తారు. కంచె బయట మైదానాల్లో కృష్ణజింక కరిగిపోయింది. లోపల మిగిలింది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఆ మైదానానికి మహావీర్ హరిణ వనస్థలి అని పేరు పెట్టారు. మూడున్నర వేల ఎకరాలకు పైగా స్థలం. ఇప్పుడు దాని చుట్టూ వనస్థలిపురం, ఎల్బీ నగర్, హైవే మీద లారీలు. లోపల కృష్ణజింకలు, దుప్పులు. మెదక్ వైపు పోచారం కథా అదే. నిజాముల వేట అడవి 1952లో అభయారణ్యం అయింది.

రాజు మంచివాడు కాబట్టి జింకలు బతికాయని దీనర్థం కాదు. కంచె అవతల ఉన్న రైతు గడ్డి, కట్టెలు పోగొట్టుకున్నాడు కాబట్టే ఆ నేల మిగిలింది. దాని ధర ఆ రైతే కట్టాడు, రాజు కాదు. ఇవాళ రాయలసీమలో జింకలు తిన్న పంటకు నష్టపరిహారం ఎంత, ఎప్పుడు ఇస్తారన్న గొడవ కూడా ఆ పాత లెక్కే.

ఇంట్లో పాత రైఫిల్ ఉంటే..

కొన్ని కుటుంబాల్లో తాతల నాటి డబుల్ రైఫిళ్లు, డబుల్ బ్యారెళ్లు ఇంకా ఉన్నాయి. పాతది కదా, లైసెన్సు ఎందుకు అనుకోవద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం, రిపేరు చేసినా పేలని పురాతన ఆయుధానికే మినహాయింపు. పేలేదైతే లైసెన్సు తప్పదు. 2019 సవరణ తర్వాత మామూలుగా ఒక మనిషి పేరు మీద రెండు తుపాకులకు మించి ఉండకూడదు. వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. పొగమందు కోసం చేసిన గొట్టంలో ఇప్పటి మందు తూటా పెడితే గొట్టమే పగలొచ్చు.

ఇక జింక మీద గురిపెడితే అసలు చిక్కు మొదలవుతుంది. కృష్ణజింక షెడ్యూల్ 1లో ఉంది. దాన్ని చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, పైన జరిమానా. పొలంలో దిగినా సరే, చంపే హక్కు రైతుకు లేదు. అటవీ శాఖకు అర్జీ పెట్టాలి.

ఒకప్పుడు నిజాం ఒక్కడికే ఉన్న హక్కు ఇప్పుడు ఎవరికీ లేదు. ఆయన రాజ్యం పోయింది, రైఫిళ్ల కాలం పోయింది. ఇవాళ ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. తెలంగాణ రాష్ట్ర జంతువు మచ్చల జింక. హైదరాబాద్ వెళ్తే ఒకసారి వనస్థలి గేటు దాటి లోపలికి వెళ్లండి. పొద్దున్నే అయితే గడ్డిలో మెలికల కొమ్ములు కనిపిస్తాయి. వాటి ముందు తరాల మీద గురిపెట్టిన మైదానం అదే.