మేరియా సిబిల్లా మెరియన్

పురుగులు బురదనుండియు, కుళ్ళిన పదార్థములనుండియు తమంతట తామే పుట్టుచున్నవని ఐరోపాలో పలువురు నమ్ముచుండిన కాలమది. అట్టి కాలమున జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమందు పదుమూడేండ్ల బాలిక యొకతె పట్టుపురుగులను పెంచుచు, గుడ్డునుండి పురుగు పుట్టుటయు, పురుగు గూడు కట్టుటయు, గూడునుండి రెక్కలతో వెలువడుటయు శ్రద్ధతో గమనించుచుండెను. ఆ బాలికయే మేరియా సిబిల్లా మెరియన్.

ఈమె 1647వ సంవత్సరము ఏప్రిల్ 2వ తేదీన జన్మించెను. తండ్రి మత్తయుస్ మెరియన్ రాగిరేకులపై చిత్రములు చెక్కి గ్రంథములు ప్రకటించిన ప్రసిద్ధుడు. బిడ్డకు మూడేండ్లు నిండిన కొలదికాలమునకే ఆయన గతించెను. తల్లి మరల యాకోబ్ మారెల్ అను పూల చిత్రకారుని వివాహమాడెను. ఈ మారుతండ్రి యొద్దనే ఆమె కుంచె పట్ట నేర్చెను.

పురుగును పెంచవలెనన్న దానికి మేత తేవలెను గదా! చాల పురుగులు తమ ఆకు దొరకకున్న పస్తుండి చచ్చునే గాని వేరొకదానిని ముట్టవని ఆమె గ్రహించెను. ఆముదపుచేనిలో దాసరిపురుగును చూచిన మన రైతులకు ఇది వింతగా తోచదు. కాని నాటి చిత్రకారులు సామాన్యముగా చచ్చిన పురుగును ఒంటరిగా వ్రాసెడివారు. మెరియన్ అట్లు చేయలేదు. గుడ్లను, పురుగును, గూడును, సీతాకోకచిలుకను అది తినెడి మొక్కతో కూడ ఒకే పటమున చిత్రించెను. ఇట్టి పటములు ఏబదితో 1679లో ఆమె గొంగళిపురుగుల గ్రంథము వెలువడెను. రెండవ భాగము 1683లో వచ్చెను. కొన్ని గూళ్ళనుండి చిలుకకు బదులు ఈగలవంటివి వెలువడుట చూచి ఆమె విస్మయపడెను. అవి పురుగు దేహమును తిని పెరుగు పరాన్నజీవులని నేడు మన మెఱుగుదుము. కారణము తోచకున్నను, కన్నది కన్నట్లు ఆమె వ్రాసి పెట్టెను.

1685లో ఆమె భర్తను విడిచి, ఇరువురు కుమార్తెలతోను తల్లితోను హాలెండు దేశమందలి యొక మతసమాజమున చేరెను. 1691లో ఆమ్‌స్టర్‌డాం నగరమునకు వచ్చెను. అచ్చటి ధనికుల యిండ్లలో దూరదేశపు చిలుకలు సూదులకు గ్రుచ్చబడి యుండెను. అవి ఎట్లు పుట్టినవో, ఏమి తిన్నవో చెప్పగలవారు లేరు. ఆ లోటు ఆమెను నిలువనీయలేదు. తన చిత్రములను విక్రయించి, మరణశాసనము వ్రాసిపెట్టి, 1699లో చిన్నకుమార్తె డొరొతియాతో ఓడ నెక్కెను. అప్పటి కామెకు 52 ఏండ్లు.

ఆమె చేరినది దక్షిణ అమెరికాయందలి సురినాం. అది డచ్చివారి వలస. అచ్చటి తోటల యజమానులకు చెఱకు తప్ప వేరొక ధ్యాస లేదు. పురుగులను వెదకెడి ఈమెను చూచి నవ్విరి. దట్టమైన అడవిలో బానిసలు గొడ్డళ్ళతో దారి చేయగా ఆమె లోనికి పోయెను. మొక్కల పేరులను, ఉపయోగములను ఆ బానిసలును ఆదివాసులును చెప్పిరి. మన పెరళ్ళలో పూయు రత్నగంధిని ఆమె అచ్చట చిత్రించెను. తమకు పుట్టు బిడ్డలు బానిసలు కారాదని, దాని గింజలతో స్త్రీలు గర్భము పోగొట్టుకొనుచున్నారని ఆ స్త్రీలే ఆమెకు తెలిపిరి. ఆ మాట ఆమె గ్రంథములో నిలిచినది. చెప్పినవారి పేరు లొక్కటియు నిలువలేదు. ఆమెయు బానిసలచే పని చేయించుకొనినదే. దీనిని దాచి ఆమె ఘనతను మాత్రమే చెప్పుట న్యాయము కాదు.

జ్వరపీడితయై 1701లో ఆమె తిరిగి వచ్చెను. 1705లో అరువది పటములతో సురినాం గ్రంథము ప్రకటితమయ్యెను. మొదటి పటము అనాసపండు, దానిపై బొద్దింకలు. వేరొకదానిలో జామకొమ్మపై పెద్ద సాలెపురుగు చిన్నపిట్టను తినుచుండును. ఇది కట్టుకథయని తరువాతివారు కొందరు పరిహసించిరి. కొన్ని పటములలో ఒకదాని పురుగునకు వేరొకదాని చిలుకను జతపరచిన మాటయు నిజమే. కాని సాలెపురుగు విషయమున ఆమెయే గెలిచెను. అమెజాను అడవులలో అట్టి సాలెపురుగు పిట్టలను చంపుట తాను చూచితినని బేట్సు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1863లో వ్రాసెను.

మెరియన్ 1717 జనవరి 13న ఆమ్‌స్టర్‌డాంలో మరణించెను. గొంగళిపురుగుల గ్రంథము మూడవ భాగమును డొరొతియా ఆ సంవత్సరమే ప్రకటించి, పిమ్మట రష్యా దేశమునకు తరలిపోయెను. అప్పటికే తల్లి చిత్రములు పెక్కింటిని జారు పీటరు కొనియుండెను.