నడుం వైద్యానికి నాంది పలికిన కిరాణా కొట్టాయన: డి.డి. పామర్

ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, అవే వీడియోలు. మనిషిని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి నడుం మీద ఒక్క నెట్టు నెడతారు, టక్కుమని శబ్దం వస్తుంది. కైరోప్రాక్టిక్ అంటే అదే. నడుం నొప్పితో బాధపడే అమ్మీలు, అబ్బాలు అవి చూసి మనమూ చేయించుకుందామా అని అడుగుతున్నారు. అసలు ఆ పద్ధతిని మొదలుపెట్టిన డేనియల్ డేవిడ్ పామర్ డాక్టరేమీ కాదు.

పామర్ 1845లో కెనడాలోని ఒంటారియోలో పుట్టారు. 1865లో అమెరికా వచ్చేశారు. బడిపంతులుగా పనిచేశారు, తేనెటీగలు పెంచారు, కిరాణా కొట్టు నడిపారు. 1886 ప్రాంతంలో అయోవా రాష్ట్రంలో అయస్కాంత వైద్యం మొదలుపెట్టారు. అంటే రోగి మీద చేతులు పెట్టి శక్తి పంపుతానని చెప్పే వైద్యం. అప్పట్లో డాక్టర్లు పాదరసం కలిసిన మందులు కూడా ఇచ్చేవారు. మందు లేని వైద్యం అంటే జనం రారా మరి?

1895 సెప్టెంబర్‌లో డావెన్‌పోర్ట్ ఊళ్లో, ఆయన ఆఫీసున్న భవనాన్ని శుభ్రం చేసే హార్వీ లిల్లార్డ్ అనే నల్లజాతి కార్మికుడి వెన్నుపూసను పామర్ చేత్తో నెట్టారు. లిల్లార్డ్‌కి 17 ఏళ్లుగా చెవులు సరిగా వినపడేవి కావు. నెట్టగానే వినికిడి తిరిగొచ్చిందన్నది పామర్ మాట. లిల్లార్డ్ కూతురు తర్వాత చెప్పింది వేరు. నాన్న స్నేహితులతో జోకులేస్తుంటే, పామర్ కూడా నవ్వి పుస్తకంతో వీపు మీద చరిచారట. ఏదేమైనా వినికిడి నరం చెవి నుంచి మెదడుకే పోతుంది, వీపు దాకా రాదు. అందుకే డాక్టర్లకి ఈ కథ మింగుడుపడదు.

పామర్ మాత్రం ఆగలేదు. నూటికి 95 రోగాలకు వెన్నుపూసలు తొలగడమే కారణమన్నారు. 1897లో బడి పెట్టారు. టీకాలు కూడా వద్దన్నారు, ఇది మాత్రం ఒప్పుకోలేం. వెన్నుపూసలు సరిచేయడం వేల ఏళ్ల నాటి విద్యేనని ఆయనే రాసుకున్నారు. మన పుత్తూరు కట్టు, హైదరాబాద్ పహిల్వాన్ల పట్టీలు ఎరిగినవాళ్లకి చేతివైద్యం కొత్తేమీ కాదు కదా.

విచిత్రం ఏమిటంటే, చెవుడుతో మొదలైన ఈ వైద్యానికి చివరికి కాస్తో కూస్తో ఆధారం దొరికింది నడుం నొప్పి దగ్గరే. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్, కొత్తగా వచ్చిన నడుం నొప్పికి మాత్రల కంటే ముందు కాపడం, మసాజ్, ఇలా వెన్ను సరిచేయించుకోవడం చూడొచ్చంది. ఆధారం అంత గట్టిది కాదనీ చెప్పింది. ఆ నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. కాళ్లు మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా, జ్వరం వచ్చినా, ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లు పడినా ఎవరి చేతా నెట్టించుకోకండి, నేరుగా ఆస్పత్రికే వెళ్లండి. మెడ తిప్పించుకోవడం ఇంకా జాగ్రత్త. అరుదుగానైనా రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన కేసులున్నాయి.

లైసెన్స్ లేకుండా వైద్యం చేశారని 1906లో పామర్‌కి శిక్ష పడింది. 350 డాలర్ల జరిమానా కట్టాలి, లేదంటే 105 రోజుల జైలు. పంతం పట్టి జైలుకే వెళ్లారు, కొన్ని రోజులకు డబ్బు కట్టి బయటికొచ్చారు. ఈలోగా బడి కొడుకు బి.జె. చేతికి పోయింది. తండ్రీ కొడుకుల మధ్య మాటల్లేవు. 1913 ఆగస్టులో బడి ఊరేగింపులో కొడుకు కారు తండ్రిని గుద్దిందన్న ఆరోపణ కూడా వచ్చింది, కానీ అది రుజువు కాలేదు. ఆ అక్టోబర్ 20న పామర్ లాస్ ఏంజెలెస్‌లో టైఫాయిడ్‌తో చనిపోయారు. ఆయన పెట్టిన బడి డావెన్‌పోర్ట్‌లో ఇప్పటికీ నడుస్తోంది.