పంతులమ్మ డొరోథియా డిక్స్

వేలంపాట యనగా ఎక్కువకు పాడినవానికి వస్తువు దక్కుట యందరెరిగినదే. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో అమెరికాలోని న్యూ ఇంగ్లండు పల్లెలలో ఇందుకు విరుద్ధమైన పాట యొకటి జరుగుచుండెను. దిక్కులేని బీదలను, మతి చలించినవారిని ఊరిపెద్దలు పాటకు పెట్టెడివారు. అందరికంటె తక్కువ సొమ్మునకు పోషింతునన్న వానికి ఏడాదిపాటు వారిని అప్పగించెడివారు. పాట ఎంత తగ్గిన రోగి గంజి అంత పలుచనగునని వేరుగ చెప్పనక్కరలేదు. ఇట్టి యేర్పాటులను మాన్పించుటకై జీవితమును ధారపోసిన స్త్రీ డొరోథియా లిండ్ డిక్స్.

ఆమె 1802 ఏప్రిల్ 4వ తేదీన మెయిన్ ప్రాంతమునందలి హాంప్డెన్ గ్రామమున జన్మించెను. తండ్రి ఊరూర తిరిగి మతబోధ చేయువాడు, సంసారము పట్టనివాడు. పండ్రెండవ యేట ఇల్లు విడిచి బోస్టనులోని నాయనమ్మ చెంత చేరిన యా బాలిక పదునాలుగేండ్లకే బడి పెట్టి పంతులమ్మ యయ్యెను. 1824లో పిల్లలకై వ్రాసిన వాచకము పెక్కు ముద్రణలు పొందెను. 1836లో ఆరోగ్యము చెడి ఇంగ్లండు వెళ్లి ఏడాదికి పైగా విశ్రమించెను. ఇంతలో నాయనమ్మ గతించుటచే కొంత ఆస్తి సంక్రమించి, ఒకరిపై నాధారపడు నవసరము లేకపోయెను.

1841 మార్చి 28 ఆదివారమునాడు ఈస్టు కేంబ్రిడ్జి జైలులోని స్త్రీలకు బైబిలు పాఠము చెప్పబోయిన డిక్స్, ఏ నేరమును చేయని మతిలేని స్త్రీలు నిప్పులేని గదిలో చలికి వణకుచుండుట చూచెను. పిచ్చివారికి చలి తెలియదని జైలువారి సమాధానము. ఆమె న్యాయస్థానమున కెక్కి ఆ గదికి పొయ్యి పెట్టించెను. అంతటితో ఇంటికి పోయినచో నామె కథయే లేదు. తక్కిన ఊళ్ల మాట యేమని, రెండేండ్లు మసాచుసెట్సు రాష్ట్రమంతయు గాలించెను. జైళ్లలో, బీదలశాలలలో, పాటదారుల కొట్టములలో, బోనులందును నేలమాళిగలందును గొలుసులతో నున్నవారిని కన్నులార చూచి, చూచినది చూచినట్లు వ్రాసికొనెను. 1843 జనవరిలో ఆ విజ్ఞాపనపత్రము శాసనసభకు చేరెను. స్త్రీకి సభలో నోరు మెదపు నవకాశము లేదు గనుక డాక్టరు సామ్యూల్ హౌ దానిని ప్రవేశపెట్టెను. ఊరి యధికారులు మండిపడిరి. కొన్ని వివరములలో పొరపాట్లుండిన నుండవచ్చును. మూలవిషయమును మాత్రము త్రోసిపుచ్చలేకపోయిరి. వూస్టరులోని ప్రభుత్వాసుపత్రిని విస్తరించుటకు చట్టము వచ్చెను.

అటుపై రాష్ట్రము వెంట రాష్ట్రము. న్యూజెర్సీలోని ట్రెంటనులో 1848లో ఆసుపత్రి తెరువబడెను. అదే యేట నార్త్ కెరొలైనాలో బిల్లు వీగిపోవునట్లుండగా, ఆమె బసచేసిన యింట శాసనసభ్యుడైన డాబిన్ భార్య మరణశయ్యపై నుండెను. డిక్స్ ఆమెకు పరిచర్య చేసెను. ఆ యిల్లాలి కడపటి కోరిక చొప్పున డాబిన్ సభకు వచ్చి మాటలాడగా బిల్లు నెగ్గెను.

ఊరును, రాష్ట్రమును చాలవని తెలిసి ఆమె కేంద్రప్రభుత్వము నాశ్రయించెను. 1,22,25,000 ఎకరముల ప్రభుత్వభూమి నిచ్చి, దానిపై వచ్చు రాబడితో రోగులను పోషింపవలెనని కోరెను. ఆరేండ్లు సభ్యుల చుట్టు తిరుగగా 1854లో ఉభయసభలును ఆమోదించెను. అధ్యక్షుడు పియర్సు మే 3వ తేదీన దానిని నిరాకరించెను. దానధర్మములు కేంద్రము పని కాదని యాతని వాదము. 1850లో ఇల్లినాయిస్ రైలుమార్గమునకు లక్షల ఎకరములు ధారపోయుటకు మాత్రము ఏ ధర్మసందేహమును కలుగలేదు.

మనస్సు విరిగి ఐరోపా వెళ్లినను ఊరకుండలేదు. 1855లో స్కాట్లండున, ఎడింబరో చెంతనున్న మసెల్‌బరోలో రోగికింతయని సొమ్ము పుచ్చుకొను ప్రైవేటు గృహములను చూచెను. వైద్యమెరుగనివారు వాటి యజమానులు. కూటిలో, కట్టెలలో మిగిల్చినదే లాభము. ఆమె రాత్రిబండిలో లండను చేరి హోం మంత్రిని కలిసికొనెను. విచారణకై రాయల్ కమిషను ఏర్పడి, 1857లో చట్టము వచ్చెను.

ఈ బేరము తెలుగువారి కెరుకలేనిది కాదు. చెన్నపట్టణమున 1794లో పిచ్చాసుపత్రిని నెలకొల్పిన వాలెంటైన్ కానలీ యను వైద్యుడు దానిని సొంత వ్యాపారముగనే నడిపెను. ప్రభుత్వాసుపత్రులు తరువాతి మాట. నిజాము కాలమున జాల్నాలో నుండిన ఆసుపత్రి 1953లో హైదరాబాదు ఎర్రగడ్డకు వచ్చెను. నెల్లికుదురు వంటి పల్లెలో బిడ్డకు మతి చెడినచో, దారిఖర్చులకు వెరచిన తల్లిదండ్రులకు దర్గాయో గుడియో ముందు కనబడును. తమిళనాడులోని ఎర్వాడి దర్గా సమీపమున నట్టి ప్రైవేటు ఆశ్రయములో 2001 ఆగస్టు 6న నిప్పంటుకొన్నప్పుడు, గొలుసులతో కట్టబడిన 28 మంది మరణించిరి. ప్రభుత్వము నడుపు, లేక ధనమిచ్చు వైద్యమును పొందుట ప్రతివాని హక్కని 2017 చట్టము పేర్కొన్నది.

అమెరికా అంతర్యుద్ధములో డిక్స్ సైన్యపు నర్సులకు అధికారిణియై జీతము లేక పనిచేసెను. పట్టుదల మనిషి యగుటచే డాక్టర్లతో పొసగలేదు. మతిచెడినవారికై గుండె కరగిన ఆమె నీగ్రో బానిసలను గూర్చి దాదాపు మౌనముగ నుండెను. ఇది ఆమె చరిత్రలో తీరని లోపము. ఆమె కట్టించిన యాసుపత్రులును తరువాత రోగులతో క్రిక్కిరిసి, తామే బందిఖానాలను దలపించెను. 1881లో ట్రెంటను ఆసుపత్రివారిచ్చిన గదులలో చేరి, 1887 జూలైలో అక్కడనే కన్నుమూసెను.

డాబిన్ నెగ్గించిన బిల్లు వలన 1856లో రాలీ నగరమున ఆసుపత్రి తెరచిరి. దానికి తన పేరు పెట్టుట కామె యొప్పుకొనలేదు. 1959లో గాని పెట్టలేదు. 2001లో ఆ రాష్ట్రము స్థానిక ప్రభుత్వ మానసిక వైద్యకేంద్రముల పనిని ప్రైవేటు సంస్థలకు అప్పగించెను. సులువైన సేవలకు సంస్థలు ఎగబడెను. బిల్లులు పెరిగి కోట్ల డాలర్లు వృథా యయ్యెను. చెల్లింపు రేట్లు తగ్గింపగనే పెక్కు సంస్థలు తప్పుకొనెను. తీవ్రరోగులు అత్యవసర విభాగములలో దినముల తరబడి మంచమునకై వేచియుండిరి. కొందరు జైలు చేరిరి. ఆమె పేరిటి ఆసుపత్రి 2012లో మూతపడెను. 2015లో నగరపాలకులు ఆ స్థలమును ఉద్యానవనమునకై కొనిరి. రోగుల పాత శ్మశానము అందులోనే యున్నది.