పదిహేనేళ్ళ గొంతు

‘కుర్బానీ’ సినిమా అనగానే ఎవరికైనా జీనత్ అమన్ గుర్తొస్తుంది. 1980లో వచ్చిన ఆ సినిమాలో ఆమె మీద తీసిన ‘ఆప్ జైసా కోయీ’ పాట అప్పట్లో ఊరూరా మోగింది. ఆ పాట పాడింది మాత్రం బొంబాయి గాయని కాదు. లండన్‌లో చదువుకుంటున్న పదిహేనేళ్ళ పాకిస్తానీ అమ్మాయి. పేరు నాజియా హసన్.

నాజియా 1965 ఏప్రిల్ 3న కరాచీలో పుట్టింది. బాల్యం కొంత అక్కడా కొంత లండన్‌లోనూ గడిచింది. చిన్నప్పుడే పాకిస్తాన్ టీవీలో పిల్లల కార్యక్రమాల్లో పాడేది. లండన్‌లో ఓ విందులో ఆమెను చూసిన ఫిరోజ్ ఖాన్ సంగీత దర్శకుడు బిద్దూ దగ్గరికి పంపాడు. ఈ బిద్దూ మన బెంగుళూరు వాడే, ఇంగ్లండు వెళ్ళి పేరు తెచ్చుకున్నాడు. సినిమాలో మిగతా పాటలు కల్యాణ్‌జీ ఆనంద్‌జీవి, ఇదొక్కటే బిద్దూది. దీనికే 1981లో నాజియాకి ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది.

అదే ఏడాది తమ్ముడు జోహేబ్‌తో కలిసి ‘డిస్కో దీవానే’ ఆల్బమ్ చేసింది. సినిమా లేదు, కథ లేదు, తెరమీద హీరోయిన్ లేదు. అయినా దేశమంతా విన్నది. మా పిన్నిది సరిగ్గా నాజియా ఈడే. హిందీ అంతంతమాత్రమే. అయినా ఆ కేసెట్‌ని ఆపుతూ, వెనక్కి తిప్పుతూ పాటలన్నీ రికార్డు పుస్తకం వెనక తెలుగు అక్షరాల్లో రాసుకుందట. ఇంట్లో వాళ్ళకి అవి పాటల్లాగే అనిపించేవి కావట!

నేనూ ఆ పాటలు పిన్ని దగ్గరే విన్నాను. ఇన్నేళ్ళకీ అవి ఎందుకు పాతబడలేదా అని ఆలోచిస్తే నాకు తట్టేదొకటే. లతా, సుశీల పాడుతుంటే మనం చేతులు కట్టుకుని వింటాం. అలా మనం పాడలేమని ముందే తెలుసు. నాజియా గొంతు అలా కాదు. కాస్త ముక్కుతో పలుకుతుంది. గమకాలు లేవు, వయ్యారాలు అసలే లేవు. పక్కగదిలో జడ వేసుకుంటూ ఓ పిల్ల తనలో తాను పాడుకుంటున్నట్టు ఉంటుంది. వాయిద్యాలు ఎంత హుషారుగా మోగినా ఆ గొంతులో సన్నటి దిగులొకటి వినిపిస్తూనే ఉంటుంది. ఆడపిల్లలకి ఆ వయసులో ఉండే దిగులే అది. పిన్ని లాంటి వాళ్ళు అది తమ గొంతే అనుకున్నారంటే వింతేముంది?

తర్వాత ‘బూమ్ బూమ్’, ‘యంగ్ తరంగ్’, ‘హాట్‌లైన్’ వచ్చాయి. అంత పేరొచ్చినా నాజియా పాటనే బతుకుగా పెట్టుకోలేదు. నాకు ఆమె మీద గౌరవం పెరిగింది ఇక్కడే. లండన్‌లో బిజినెస్, ఎకనామిక్స్ చదివింది, లా పట్టా తీసుకుంది. 1991లో ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగానికి చేరింది. మాదకద్రవ్యాలకు వ్యతిరేకంగా ఒక సంస్థ పెట్టి పనిచేసింది. 1992లో వచ్చిన ‘కెమెరా కెమెరా’ ఆమె చివరి ఆల్బమ్.

1995లో పెళ్ళి, 1997లో బాబు. ఆ దాంపత్యం గురించి పత్రికలు చాలా రాశాయి, వాటి జోలికి నేను పోను. ఊపిరితిత్తుల కేన్సర్‌తో 2000 ఆగస్టు 13న లండన్‌లో కన్నుమూసింది. అప్పటికి ముప్ఫై అయిదేళ్ళు. బాబుకి మూడేళ్ళు. పాకిస్తాన్ ప్రభుత్వ పురస్కారం ఆమె పోయాక, 2002లో ఇచ్చారు.

2012లో ‘స్టూడెంట్ ఆఫ్ ది ఇయర్’ సినిమాలో ‘డిస్కో దీవానే’ని మళ్ళీ వాడుకున్నారు. సునిధి చౌహాన్, బెన్నీ దయాల్ పాడారు. మధ్యలో నాజియా గొంతూ ఉంది. మా ఇంట్లో పిల్లలు అది కొత్త పాటే అనుకుని గంతులేస్తారు. పిన్ని మాత్రం ఆ పాత గొంతు వచ్చేదాకా ఆగి, అప్పుడు లేచి వంటింట్లోకి వెళుతుంది.