సర్ తామస్ మన్రో

1761లో గ్లాస్గో పట్టణమున జన్మించిన తామస్ మన్రో 1800 మొదలు 1807 వఱకు దత్తమండలముల కలెక్టరుగా నుండి, అనంతపురమున మకాము పెట్టి, గుడారములలో తిరుగుచు పొలములు కొలిపించెను. కఱవు పీడించు నా మెట్టసీమలో శిస్తు నాలుగవవంతు తగ్గింపవలెనని 1807లో సిఫారసు చేసెను. కొందఱు రైతులు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడిరి.

ఆయన క్రైస్తవుడు. అయినను మద్రాసు గవర్నరై యున్న కాలమున, 1822లో, నాడు అనంతపురము చేరియుండిన బళ్లారి జిల్లాలో సబుకలెక్టరొకడు మతబోధకు పూనుకొనగా, అధికారి కది తగదని వ్రాసెను. శిస్తు వసూలుచేయు హస్తమే సువార్త నందిచ్చినచో, రైతు దానిని పుచ్చుకొనుట భయముచేతనా, భక్తిచేతనా?

1827 జూలై 6న పత్తికొండలో విషూచిచే మరణించిన ఆయనను మొదట గుత్తిలో సమాధి చేసిరి. సంస్కారమునకై శాసనములను, సర్కారును ఆశ్రయించు మనమును ఈ ప్రశ్నను మఱువరాదు. అంతఃకరణము కోరక స్వీకరించిన ధర్మము ధర్మము కానేరదు.