ఫాదర్ హయ్యరు

నల్లరేగడి నేలలతో నిండిన గుంటూరు సీమకు 1842 జూలై 31వ తేదీన ఒక విదేశీయుడు వచ్చెను. ఆయన వయస్సు 49 సంవత్సరములు. భార్య మరణించి మూడేండ్లు గడచెను. బిడ్డలు సముద్రముల కావల నుండిరి. ఆయనయే జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు.

హయ్యరు 1793 జూలై 10వ తేదీన జర్మనీ దేశమందలి హెల్మ్‌స్టెడ్ పట్టణమున జన్మించెను. నెపోలియను యుద్ధములతో ఐరోపా ఖండము అల్లకల్లోలముగా నున్న కాలమది. అందుచే 1807లో తల్లిదండ్రులు ఆ బాలుని అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున నున్న బంధువుల కడకు పంపిరి. అచ్చట ఆయన పెరిగి పెద్దవాడై, 1819లో మేరీ అను యువతిని వివాహమాడెను. 1820లో లూథరన్ సంఘబోధకుడై, కొండలు, అడవులు దాటి మారుమూల పల్లెలకు పోయి బోధించుచుండెను.

1839లో మేరీ కన్నుమూసెను. ఇరువది యేండ్ల సాహచర్యము ముగిసెను. మరణముతో మానవజీవితము అంతము కాదనియు, దుఃఖితులను దేవుడు విడిచిపెట్టడనియు క్రైస్తవమతము బోధించును. ఎందరి యిండ్లలోనో తాను పలికిన ఆ మాటలను ఆధారముగా గొని, ఇప్పుడు తానే నిలువవలసి వచ్చెను. ఆయన నిలిచెను. శోకమున మునిగి కూర్చుండక, దూరదేశమునకు పోవుటకు సిద్ధపడి, సంస్కృతమును కొంత అభ్యసించి, 1841లో ఓడ యెక్కెను.

గుంటూరు ప్రజలకును దుఃఖము క్రొత్తది కాదు. 1832-33లో సంభవించిన నందన కరువున ఈ సీమలో లక్షకు మించిన జనులు మరణించిరి. ఆ గాయము మానక ముందే హయ్యరు వచ్చెను. జిల్లా కలెక్టరు హెన్రీ స్టోక్సు ఆయనను ఆదరించి సాయపడెను. తెలుగు రానందున తొలుత దుబాసి సాయముతో బోధించెను. బాలురకేగాక, బాలికలకును చదువు నేర్పుటకు పాఠశాలలు నెలకొల్పెను.

రోగులకు మాటలతో మాత్రమే ఊరట కలుగదని ఆయన యెరుగును. అమెరికాకు మరలిపోయి, 1847లో వైద్యపట్టము పొంది, మరుసటి యేట మరల గుంటూరు చేరెను. 1849లో పల్నాటిసీమకు పోయి గురజాలలో నివసించెను. జ్వరములకు పేరువడిన ఆ ప్రాంతమునకు పోవ నెల్లరు జంకెడి దినములవి. 1851లో ఆయన తోడి బోధకుడు వాల్టరు గన్ను గుంటూరులో మరణించెను. హయ్యరు మాత్రము తన పనిని మానలేదు.

1857లో ఆయన అమెరికాకు వెడలెను. పండ్రెండేండ్ల తరువాత రాజమహేంద్రవరములోని సంఘమునకు నడుపువారు లేరని వినెను. అప్పుడాయన వయస్సు 76 ఏండ్లు. పోదగిన యువకులు దొరకునందాక తానే పోవుదునని ముందునకు వచ్చి, 1869లో మూడవమారు తెలుగుదేశమున కాలుమోపెను.

పని చక్కబడిన పిమ్మట అమెరికాకు మరలి, 1873 నవంబరు 7వ తేదీన ఫిలడెల్ఫియాలో మరణించెను. ఆయనను భార్య సమాధి ప్రక్కనే సమాధి చేసిరి. ఆ గ్రామము పేరు ఫ్రీడెన్స్. హయ్యరు మాతృభాషయగు జర్మనులో ఆ పేరు శాంతి అను మాటనుండి పుట్టినది. ఆ శాంతిని ఆయన బ్రతికియుండగనే, పరుల కన్నీరు తుడుచుటలో పొందెను.