సూది వదిలి తడి స్పాంజి పట్టిన డాక్టరు



పోయినేడాది ఖోఖో ఆడుతూ నా కుడికాలు మడమ వెనక పట్టేసింది, మీకు గుర్తుండే ఉంటుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి దాన్ని టెండాన్ అంటారు. నాకు దెబ్బ తగిలింది దానికే. నెల దాటినా నొప్పి పోలేదు. ఇంక పరుగెత్తలేనేమో అని రాత్రుళ్లు దుప్పటి కప్పుకుని ఏడ్చాను. ఆసుపత్రిలో కరెంటు పెడతామంటే సూదులు గుచ్చుతారనుకుని వణికిపోయాను. కానీ మేడమ్ గారు రెండు తడి ప్యాడ్లు పెట్టారు, అంతే. చీమలు పాకినట్టు అనిపించింది.

సూది లేకుండా కరెంటు లోపలికెలా పోయిందని మా సైన్సు సారుని అడిగాను. అప్పుడే సారు డుషేన్ గారి కథ చెప్పారు.

డుషేన్ 1806లో ఫ్రాన్సులో బులోన్ అనే రేవు ఊళ్లో పుట్టాడు. వాళ్లది సముద్రం మీద బతికే కుటుంబం. తండ్రి కొడుకుని కూడా ఓడ ఎక్కించాలనుకున్నాడు. ఇతను మాత్రం పారిస్ వెళ్లి చదివి 1831లో డాక్టరయ్యాడు. మన పాఠంలో ఉన్న ఫారడే విద్యుత్ ప్రేరణను కనుగొన్నదీ ఆ సంవత్సరమే.

సొంత ఊరికొచ్చి వైద్యం మొదలుపెట్టాడు. రెండేళ్లకే పెద్ద దెబ్బ తగిలింది. కాన్పు తర్వాత భార్య చనిపోయింది. కాన్పు చేసింది ఆయనే కాబట్టి తప్పు ఆయనదేనని జనం చెవులు కొరుక్కున్నారు. పుట్టిన కొడుకుని కూడా ఆయన దగ్గర ఉంచలేదు. చాలా ఏళ్లు తండ్రీకొడుకులు దూరంగానే బతికారు.

ఆ రోజుల్లో ఫ్రాన్సులో నొప్పులకు ఒక కొత్త వైద్యం ఉండేది. ఒంట్లోకి సూదులు గుచ్చి, వాటి గుండా కరెంటు పంపేవారు. సార్లాండియేర్ అనే డాక్టరు 1825లో దాని మీద పుస్తకం రాశాడు. డుషేన్ 1835లో అదే చేసి చూశాడు. కరెంటు పోగానే కండరం ఎగిరిపడింది. కానీ సూది బాధ పెడుతుంది, గాయం చేస్తుంది. రోగికి ఈ బాధ లేకుండా చెయ్యలేమా అని ఆలోచించాడు. చివరికి తడిపిన స్పాంజిని చర్మం మీద ఆనించి కరెంటు పంపితే, అది సూది లేకుండానే తాను కోరిన కండరానికి చేరుతుందని తెలుసుకున్నాడు.

1842లో పారిస్ చేరాడు. పెద్ద ఉద్యోగం లేదు, బాగా మాట్లాడటం రాదు. యంత్రం పట్టుకుని ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి తిరిగి రోగుల్ని చూసేవాడు. చాలామంది నవ్వారు. ఆయన మానలేదు. 1855లో తన పద్ధతి మీద పుస్తకం అచ్చువేశాడు. పిల్లల కండరాలు క్రమంగా బలహీనమయ్యే ఒక జబ్బుని వివరంగా రాశాడు. దానికి ఇప్పటికీ ఆయన పేరే. తర్వాత కాలంలో నరాల వైద్యంలో మహా పేరు పొందిన షార్కో ఆయన్ని గురువుగా భావించాడు. కొడుకు పెద్దయ్యాక తండ్రిని చేరి డాక్టరయ్యాడు గానీ, తండ్రి కంటే ముందే పోయాడు. 1875లో డుషేన్ కన్నుమూశాడు.

విచిత్రమేమంటే సూది మళ్లీ వచ్చింది! 2000 తర్వాత స్పెయిన్‌లో టెండాన్ దెబ్బలకు ఒక పద్ధతి వ్యాపించింది. స్కానింగులో చూస్తూ, పాడైన చోటికి సన్నటి సూది దించి, కొన్ని సెకన్లు ఒకే దిక్కు కరెంటు పంపుతారు. ఉప్పునీళ్ల విద్యుద్విశ్లేషణ మనం చదివాం కదా, సూది మొన దగ్గర జరిగేదీ అలాంటిదే. పాడైన భాగం విడిపోయి, ఒళ్లు కొత్తగా మరమ్మతు మొదలుపెడుతుందని వాళ్ల ఆలోచన. అది ఎంతవరకు పనిచేస్తుందో ఇంకా పరిశోధిస్తున్నారు. దానితోపాటు వ్యాయామం చెయ్యాల్సిందే.

నాకూ మేడమ్ గారు అదే చెప్పారు. కరెంటు నొప్పిని తగ్గిస్తుందంతే, తాడుని గట్టిచేసేది వ్యాయామమే అన్నారు. మెట్టు అంచున నిలబడి మడమ ఎత్తి మెల్లగా దించడం మూడు నెలలు చేశాను. మొన్న పంద్రాగస్టుకి మళ్లీ ఖోఖో ఆడాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! దెబ్బ తగిలితే దాచుకోకండి, సారుకి చెప్పండి. కరెంటంటే భయపడకండి. మనలాంటి వాళ్లకి నొప్పి లేకుండా చెయ్యాలని ఒకాయన ఎప్పుడో ఆలోచించాడు.

— పదో తరగతి విద్యార్థి